పాత కైరోలో ఒక పూట: రోమన్ కోట గోడల మధ్య కాప్టిక్ చర్చిలు చూసే పద్ధతి

కైరో వెళ్లే మనవాళ్లు పిరమిడ్లకు ఒక రోజు, మమ్మీలకు ఒక రోజు పెట్టుకుంటారు. పాత కైరోకు మాత్రం టూర్ బస్సు ఆగినంతసేపే దక్కుతుంది. హోలీ ల్యాండ్ టూర్లలో చాలావాటిలో ఈజిప్టు కూడా ఉంటుంది కాబట్టి ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లే క్రైస్తవ యాత్రికులు ఇక్కడ దిగుతూనే ఉంటారు. గైడు వేలాడే చర్చి చూపించి, యేసు కుటుంబం తలదాచుకున్న గుహ చూపించి, ఇంకో చోటికి తొందరపెడతాడు. తిరిగొచ్చాక ఏ చర్చి ఎక్కడుందో, ఒకటి మెట్లెక్కి, ఇంకోటి మెట్లు దిగి ఎందుకు చూశామో ఎవరికీ గుర్తుండదు.

తికమక అంతా చూసే వరసలోనే ఉంది. ఇక్కడ చర్చిలన్నీ ఒక రోమన్ కోటను పట్టుకుని పుట్టాయి. ఒకటి కోట బురుజు మీద, ఇంకోటి కోట గుమ్మం మీద, మిగతావి కోట లోపలి పాత వీధుల మట్టంలో ఉన్నాయి. కోట ఎక్కడుందో ముందు కంటితో పట్టుకుంటే తర్వాత ప్రతి మెట్టుకూ అర్థం దొరుకుతుంది. అందుకే ఇక్కడ కోటతో మొదలుపెడుతున్నాను. తీరిగ్గా చూస్తే నాలుగైదు గంటలు పడుతుంది.

బయలుదేరే ముందు తెలియాల్సినంత చరిత్ర

కోట పేరు బాబిలోన్. ఇరాక్‌లోని బాబిలోన్‌కు ఇది వేరు. నైలు నది డెల్టాగా చీలే చోటికి కాస్త దక్షిణాన, రేవునూ రాకపోకలనూ కాపు కాయడానికి రోమన్లకు ఇక్కడ ఒక స్థావరం కావాల్సి వచ్చింది. క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో ట్రాజన్ చక్రవర్తి నైలు నుంచి ఎర్ర సముద్రం దాకా పోయే పాత కాలువను బాగుచేయించి, దాని ముఖద్వారాన్ని ఇక్కడికి తెచ్చాడు. రోమ్ సామ్రాజ్యానికి ఎర్ర సముద్రం మీదుగా భారతదేశంతో వ్యాపారం జోరుగా సాగిన కాలం అది. మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన రోమన్ బంగారు నాణేలు ఆ వ్యాపారం తాలూకువే. తర్వాత క్రీ.శ. 300 ప్రాంతంలో డయోక్లీషియన్ చక్రవర్తి ఆ కాలువ ముఖద్వారాన్ని కలుపుకుంటూ పెద్ద కోట కట్టించాడు. ఇప్పుడు మనకు కనిపించేది ఎక్కువగా అతని కోటే.

ఈ డయోక్లీషియన్ పేరు మరిచిపోవద్దు. క్రైస్తవులను అతి క్రూరంగా హింసించిన రోమన్ చక్రవర్తుల్లో అతనొకడు. ఈజిప్టు క్రైస్తవులైన కాప్టులకు ఆ గాయం ఎంత లోతుగా తగిలిందంటే, వాళ్ల క్యాలెండర్ అతను గద్దెనెక్కిన 284వ సంవత్సరంతోనే మొదలవుతుంది. దాన్ని హతసాక్షుల శకం అంటారు. ఆ చక్రవర్తి కట్టించిన గోడల లోపలే తర్వాత వాళ్ల చర్చిలు వెలిశాయి. పైగా ఇక్కడ చర్చిలకు పెట్టిన పేర్లలో జార్జి, సెర్జియస్, బాకస్ ముగ్గురూ రోమన్ సైనికులే. విశ్వాసం వదలమంటే వదలక ప్రాణాలిచ్చారని చెప్పుకునేవాళ్లు.

ఇంకో రెండు తేదీలు చాలు. 451లో కాల్సెడాన్‌లో జరిగిన క్రైస్తవ మతపెద్దల మహాసభ తీర్మానాన్ని ఒప్పుకోక ఈజిప్టు చర్చి కాన్‌స్టాంటినోపుల్, రోమ్‌ల నుంచి విడిపోయింది. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ చర్చిదీ ఇదే కుటుంబం. 641 ఏప్రిల్‌లో, నెలల తరబడి ముట్టడి తర్వాత, అరబ్ సేనాని అమ్ర్ ఇబ్న్ అల్-ఆస్‌కు ఈ కోట లొంగిపోయింది. అతను కోట పక్కనే ఫుస్తాత్ అనే కొత్త ఊరు కట్టాడు. కైరో నగరం పుట్టుక అక్కడి నుంచే.

ఏ రోజు, ఏ వేళ

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో వెళ్తే మధ్యాహ్నం మ్యూజియం లోపల గడిచేలా చూసుకోండి. చర్చిలు సాధారణంగా ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు తెరిచి ఉంటాయి. ప్రవేశం ఉచితం. కాప్టిక్ మ్యూజియానికి మాత్రం టికెట్ ఉంటుంది. ధరలు తరచూ మారుతున్నాయి కాబట్టి అంకె ఇవ్వను. ఈజిప్టులో చాలా ప్రభుత్వ టికెట్ కౌంటర్లు ఇప్పుడు కార్డే అడుగుతున్నాయి. విదేశాల్లో పనిచేసే కార్డు ఒకటి జేబులో ఉంచుకోండి.

శుక్ర, ఆదివారాల సంగతి కాస్త ఆలోచించాలి. ఈజిప్టులో వారపు సెలవు శుక్రవారం. అందుకని కాప్టులు ఆదివారంతో పాటు శుక్రవారం ఉదయం కూడా ఆరాధన పెట్టుకుంటారు. ఆ పూట చర్చిలో కుటుంబాలు, పిల్లలు, ధూపం, పాటలతో సందడిగా ఉంటుంది, ఇటూ అటూ తిరిగి ఫొటోలు తీసుకోవడం కుదరదు. కట్టడం చూడాలంటే మామూలు రోజు, బతికున్న చర్చిని చూడాలంటే శుక్రవారం లేదా ఆదివారం ఉదయం. నన్నడిగితే రెండోదే మేలు. తాళాలు, త్రిభుజం ఆకారపు చిన్న లోహ వాయిద్యం తప్ప ఇంకే వాయిద్యమూ లేకుండా సాగే ఆ కీర్తనలు విన్నాక, ఖాళీ చర్చి సగం చర్చే అనిపిస్తుంది. కాప్టిక్ క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. ఆ ముందు రోజూ, ఆ రోజూ భద్రత చాలా గట్టిగా ఉంటుంది, పర్యాటకులు ఇంకో రోజు పెట్టుకోవడం నయం.

చేరుకోవడం

మెట్రో కంటే సులువైన దారి లేదు. కైరో మెట్రో మొదటి లైన్ 1987లో మొదలైంది, ఆఫ్రికా ఖండంలో మొదటి మెట్రో అదే. తహ్రీర్ చౌక్ కింద ఉన్న సాదాత్ స్టేషన్‌లో హెల్వాన్ వైపు వెళ్లే రైలు ఎక్కండి. నాలుగో స్టేషన్ మార్ గిర్గిస్, అంటే మన సెయింట్ జార్జి. రైలు మధ్యలో కొన్ని పెట్టెలు ఆడవాళ్లకు ప్రత్యేకం. పొరపాటున మగవాళ్లు ఎక్కితే అందరూ ఒకేసారి తిరిగి చూస్తారు. ఉబర్, కరీమ్ కూడా బాగానే దొరుకుతాయి. డ్రైవర్‌కు మార్ గిర్గిస్ మెట్రో అని చెబితే చాలు.

స్టేషన్ బయటికి రాగానే రోడ్డు అవతల పాత బురుజు కనిపిస్తుంది. ఈ వీధిలో పోలీసులు ఉంటారు, సంచులు స్కానర్‌లో పెట్టమంటారు. పాస్‌పోర్టు లేదా కనీసం దాని కాపీ దగ్గర ఉంచుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. చుడీదార్, చీర, ప్యాంటు ఏదైనా పరవాలేదు. మసీదు కోసం ఆడవాళ్లు ఒక చున్నీ కూడా పెట్టుకోండి.

ఇక్కడ జార్జి పేరుతో ఒకటికి మించి కట్టడాలున్నాయని ముందే తెలుసుకుంటే మంచిది. బురుజు మీద గుండ్రంగా ఉన్నది గ్రీకు ఆర్థడాక్స్ చర్చి. సందుల్లో కాప్టుల జార్జి చర్చి వేరే ఉంది, కాప్టిక్ సన్యాసినుల జార్జి మఠం ఇంకోటి. దారి అడిగేటప్పుడు ఏదో ఒకటి తేల్చి అడగకపోతే ఊరంతా తిప్పుతారు.

మొదట బురుజులు: టికెట్ అక్కర్లేని చోట పది నిమిషాలు

ఏ గుమ్మంలోకీ వెళ్లకముందు వీధిలోనే నిలబడి చూడండి. ఎదురుగా రెండు గుండ్రటి బురుజులు ఉండేవి, ఒక్కోటీ సుమారు 30 మీటర్ల అడ్డం. ఒకటి శిథిలంగా మ్యూజియం ముందు బయటపడి ఉంది. రెండోది జార్జి చర్చి కింద దాక్కుంది. ఆ చర్చి గుండ్రంగా ఎందుకుందని గైడును అడగక్కర్లేదు, కింద బురుజు గుండ్రం కాబట్టి. 1904లో పాత చర్చి అగ్నిప్రమాదంలో పోతే ఇప్పటిది 1909 నాటికి కట్టారు. ఈ రెండు బురుజుల మధ్య నుంచే ట్రాజన్ కాలువ నైలు నీటిని లోపలికి తీసుకునేది.

ఇప్పుడు నది ఏదని వెతక్కండి. అది పడమటికి జరిగిపోయింది, నడిస్తే కొన్ని నిమిషాల దూరం. కోట కట్టిన రోజుల్లో నీళ్లు ఈ గోడలను తాకేవి, మీరు నిలబడిన వీధి అప్పుడు లేనే లేదు.

తర్వాత శిథిలమైన బురుజు కిందికి తొంగి చూడండి. దాని అడుగు మీ కాళ్లకంటే ఎన్నో మీటర్ల లోతులో ఉంటుంది. పదిహేడు వందల ఏళ్లలో చెత్త, మట్టి, కూలిన ఇళ్లు, నది ఒండ్రు కలిసి నేల అంత పైకి లేచింది. ఇక ముందు మీరు మెట్లు దిగిన ప్రతిసారీ పాత మట్టం వైపు వెళ్తున్నారని గుర్తుపెట్టుకోండి.

గోడ కట్టుబడి ఒక్కసారి దగ్గరగా చూస్తే ఇక ఎక్కడ కనిపించినా గుర్తుపడతారు. ఐదు వరసలు చెక్కిన రాయి, మూడు వరసలు ఎర్ర ఇటుక, మళ్లీ ఐదు, మళ్లీ మూడు. ఈ చారలే రోమన్ గోడకు ఆనవాలు. పాత కైరోలో ఎక్కడ ఇవి కనిపించినా అది కోట ముక్కే అనుకోండి. భూగర్భ జలాలు చర్చి పునాదుల్లోకి ఊరుతుంటే, నీటి మట్టం తగ్గించడానికి పెద్ద పథకం చేపట్టారు. ఆ పనులప్పుడే ట్రాజన్ కాలపు రేవు గోడలు, కాలువ ముఖద్వారం ఆనవాళ్లు కూడా పురాతత్త్వవేత్తలకు నేల కింద దొరికాయి.

వేలాడే చర్చి: బస్సుల కంటే ముందు

బురుజులకు దక్షిణంగా నాలుగడుగులు వేస్తే అల్ ముఅల్లకా, అంటే వేలాడేది, గేటు వస్తుంది. మరియమాత పేరిట ఉన్న చర్చి ఇది. తొమ్మిదింటికి తెరవగానే వెళ్లడం మంచిది. పది దాటితే బస్సులు వరసగా ఆగుతాయి, గైడ్ల గొంతులు తప్ప ఇంకేమీ వినపడవు.

ముందున్న ఆవరణలో బైబిలు ఘట్టాల మొజాయిక్ బొమ్మలు ఉంటాయి. అవి కొత్తవి, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. జంట గంట గోపురాలున్న ముఖభాగం కూడా 19వ శతాబ్దానిదే. 29 మెట్లు ఎక్కితే చర్చి గుమ్మం. ఆ మెట్ల దగ్గరే ఒక ప్రశ్న వేసుకోండి: ఇంత ఎత్తున ఎందుకు కట్టారు? కోట దక్షిణ గుమ్మానికి అటూ ఇటూ ఉన్న రెండు బురుజుల మీద, ఆ గుమ్మం దారికి అడ్డంగా తాటి దూలాలు, రాళ్లు పరిచి, ఆ పైన చర్చి నిలబెట్టారు. మీరు నడిచే నేల కింద ఖాళీ ఉంది. కుడి పక్క భాగంలో నేలకు గాజు పలక బిగించిన చోటు ఉంది, అందులోంచి కిందికి చూడవచ్చు.

చర్చి వయసు మీద గైడ్లు 3వ శతాబ్దం, 4వ శతాబ్దం అని ధీమాగా చెబుతారు. సైన్యం కాపలా ఉన్న కోట గుమ్మం నెత్తిన చర్చి కట్టనిస్తారా? కోట చేతులు మారి, గుమ్మం యుద్ధానికి పనికిరాకుండా పోయిన తర్వాతే, అంటే 7వ శతాబ్దంలో కట్టారనడమే నాకు సబబుగా తోస్తుంది. అంతకుముందు ఇక్కడ చిన్న ప్రార్థన స్థలం ఏదైనా ఉంటే ఉండొచ్చు. 11వ శతాబ్దంలో కాప్టుల మతాధిపతి అయిన కాప్టిక్ పోప్ తన పీఠాన్ని అలెగ్జాండ్రియా నుంచి కైరోకు మార్చినప్పుడు ఈ చర్చికే ప్రధాన హోదా దక్కింది. ఎన్నో ఏళ్లు సాగిన జీర్ణోద్ధరణ తర్వాత 2014లో దీన్ని మళ్లీ తెరిచారు.

లోపలికి వెళ్లాక ముందు తల ఎత్తండి. చెక్క కప్పు బోర్లించిన ఓడ అడుగులా ఉంటుంది. నోవహు ఓడ అంటారు. తర్వాత పాలరాతి ప్రసంగ వేదిక. సన్నటి స్తంభాల మీద నిలబడిన ఈ వేదికలో స్తంభాలు యేసుకూ శిష్యులకూ గుర్తులనీ, నల్లది యేసును పట్టించిన యూదా ఇస్కరియోతు అనీ, బూడిద రంగుది అనుమానించిన తోమా అనీ చెబుతారు. వినడానికి బాగుంటుంది. ఇక్కడి చర్చిల్లో స్తంభాలు చాలావరకు అంతకుముందున్న కట్టడాల నుంచి తెచ్చి వాడుకున్నవి, రంగులు కలవకపోవడానికి ఆ కారణమూ చాలు. ఏ కథ నమ్మాలో మీ ఇష్టం.

నిజంగా సమయం ఇవ్వాల్సింది గర్భాలయం ముందున్న చెక్క తెరకు. నల్లటి ఎబోనీ చెక్కలో దంతం ముక్కలు పొదిగి, నక్షత్రాలూ సిలువలూ ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయేలా చేశారు. 12, 13 శతాబ్దాల పని. కైరో మసీదుల్లోని మింబర్లు (ప్రసంగ వేదికలు) చూసి వస్తే ఇదే చేతిపని అనిపిస్తుంది. ఆ కాలంలో ఈ ఊళ్లో మసీదుకూ చర్చికీ వేరే వేరే చెక్క పనితనం లేదు. తెర వెనక గర్భాలయంలోకి చెప్పులతో వెళ్లరు, పర్యాటకులు అసలే వెళ్లకూడదు. పైన వేలాడే తెల్లటి గుండ్రటి వస్తువులు ఉష్ట్రపక్షి గుడ్లు. గుడ్డు మీంచి చూపు తిప్పకుండా కాపలా కాసే పక్షిలా మెలకువగా ఉండాలన్నది వాటి భావం.

ఐకాన్లు, అంటే చర్చిలోని పవిత్ర చిత్రాలు, చూసేటప్పుడు ఒక చిన్న లెక్క పనికొస్తుంది. ఇక్కడి బొమ్మల్లో చాలావరకు 18వ శతాబ్దానివి. జెరూసలేం నుంచి వచ్చిన యుహన్నా అల్-అర్మనీ, ఆయన తోటి చిత్రకారుడు ఇబ్రహీం అల్-నాసిఖ్ పాత కైరో చర్చిలకు చాలా ఐకాన్లు గీశారు. కింద అరబిక్ అంకెల్లో సంవత్సరం ఉంటే అది హతసాక్షుల శకంలో ఉండొచ్చు. దానికి 284 కలపండి. 1493 అని ఉంటే 1777 ప్రాంతం అన్నమాట. అరబిక్ అంకెలు పది నేర్చుకుని వెళ్తే ఇక్కడే కాదు, బస్సు నంబర్లకూ కొట్లో ధరలకూ ఉపయోగపడతాయి.

ఈ చర్చికి ఒక స్థలపురాణం కూడా ఉంది. 10వ శతాబ్దంలో ఖలీఫా కాప్టిక్ పోప్ అబ్రహామును పిలిచి, ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండ కదులుతుందని మీ సువార్తలో ఉందిగా, ముఖత్తం కొండను కదిలించి చూపించమన్నాడట. పోప్ ఇక్కడే ప్రార్థన చేస్తుంటే మరియమాత కనిపించి, బజారులో నీళ్లు మోసే ఒంటికన్ను మనిషిని పట్టుకోమని చెప్పిందట. అతనే తోళ్లు శుద్ధి చేసే సిమోను. కొండ కదిలిందని కాప్టులు ఇప్పటికీ నమ్ముతారు, దాని గుర్తుగా క్రిస్మస్‌కు ముందు మూడు రోజులు అదనంగా ఉపవాసం ఉంటారు.

మ్యూజియం: పైన చూసినదాన్ని కింద నుంచి చూడటం

చాలామంది మ్యూజియం వదిలేస్తారు. అలా వదలకండి. ఈ చర్చిల్లోని పాత వస్తువులు, ఎడారి మఠాల గోడ చిత్రాలు ఇప్పుడు ఉన్నది ఇక్కడే. మార్కస్ సిమైకా పాషా 1908లో దీన్ని మొదలుపెట్టారు. పాత వెండి పూజాపాత్రలు కరిగించడానికి సిద్ధమవుతుంటే ఆయన అడ్డుపడి, పోప్‌ను ఒప్పించి కాపాడారు. మ్యూజియం ఆలోచన అక్కడ పుట్టిందని చెబుతారు. 1931లో ఇది ప్రభుత్వం చేతికి వచ్చింది. ముఖద్వారం ఫాతిమీ ఖలీఫాల కాలపు అల్-అక్మర్ మసీదును చూసి కట్టారు, పైన సిలువ చెక్కారు.

లోపల తిరిగేటప్పుడు పాత కాప్టిక్ ఇళ్ల నుంచి తెచ్చి బిగించిన చెక్క కప్పులనూ మష్రబియా (చెక్క జాలీ) కిటికీలనూ గమనించండి. వస్తువుల్లో మూడింటి దగ్గర ఆగితే చాలు. సఖ్ఖారాలోని అపా జెరెమియా మఠం, బావిత్ మఠాల నుంచి తెచ్చిన శిల్పాలు, గోడ చిత్రాలు మొదటివి. మరియ బిడ్డకు పాలిచ్చే చిత్రం చూస్తే కొడుకు హోరసుకు పాలిచ్చే పాత ఈజిప్టు దేవత ఐసిస్ గుర్తొస్తుంది. ఫరోల కాలంలో జీవానికి చిహ్నమైన అంఖ్ గుర్తు కూడా మెల్లగా సిలువగా మారడం ఇక్కడి రాళ్ల మీద కనిపిస్తుంది. రెండోది నాగ్ హమ్మాది పుస్తకాలు. 1945లో ఎగువ ఈజిప్టులో రైతులకు ఒక కుండలో దొరికిన ఈ పపైరస్ గ్రంథాల్లో తోమా సువార్త ఉంది. 4వ శతాబ్దం నాటి తోలు అట్టల పుస్తకాలు ఇలా నిలవడం ఈజిప్టు పొడి ఇసుక చలవే. మూడోది అల్-ముదిల్ కీర్తనల గ్రంథం. పూర్తిగా మిగిలిన కాప్టిక్ కీర్తనల పుస్తకాల్లో ఇదే పాతది, ఒక చిన్న పిల్ల సమాధిలో తల కింద దొరికింది. బట్టల మీద ఆసక్తి ఉంటే కాప్టిక్ నేతల గదిలో ఇంకో అరగంట పోతుంది. మన పోచంపల్లి, వెంకటగిరి నేత చూసిన కళ్లకు అక్కడ తీరిక కావాలి.

బయటికి వచ్చేముందు తోటలోకి వెళ్లి, వేలాడే చర్చి కిందికి దిగే మెట్లు తెరిచి ఉన్నాయేమో చూడండి. తెరిచి ఉంటే అదృష్టం. ఇందాక పైన గాజులోంచి చూసిన రోమన్ గుమ్మం ఇప్పుడు మీ ఎదురుగా ఉంటుంది. ఐదు వరసల రాయి, మూడు వరసల ఇటుక మళ్లీ కనిపిస్తాయి. చర్చి బరువు ఏ గోడల మీద ఆనిందో అక్కడ నిలబడితే ఒక్క చూపులో తెలుస్తుంది. మూసి ఉంటే కాపలాదారును మర్యాదగా అడగండి, కుదరదంటే వదిలేయండి.

మెట్లు దిగి పాత వీధిలోకి

మళ్లీ వీధిలోకి వచ్చి ఉత్తరంగా నడిస్తే, పక్కన చిన్న మెట్లు దిగి ఒక పొట్టి గుమ్మంలోకి వెళ్తాయి. అక్కడి నుంచి సన్నటి రాతి సందు. పుస్తకాలు, పపైరస్ బొమ్మలు, సిలువ లాకెట్లు అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. కోట లోపలి పాత ఊరు ఇదే. ఎడమ పక్క సన్యాసినుల జార్జి మఠానికి దారి ఉంటుంది. ఆ మఠంలో చాలా ఎత్తైన పాత చెక్క తలుపులున్న గది, హతసాక్షుల హింసకు గుర్తుగా భక్తులు ఒంటికి చుట్టుకునే గొలుసు ఉన్నాయి. సన్యాసిని చుడతానంటే మీకు ఇష్టమైతేనే ఒప్పుకోండి.

అబూ సర్గా, అంటే సెర్జియస్, బాకస్‌ల చర్చి, ఈ సందుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది. బయటి నుంచి చూస్తే చర్చిలా కూడా ఉండదు, మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. మత్తయి సువార్తలో హేరోదుకు భయపడి యోసేపు, మరియ, శిశువు యేసు ఐగుప్తుకు పారిపోయారని ఉంది. వాళ్లు తలదాచుకున్న చోటు ఇదేనని కాప్టుల విశ్వాసం. గర్భాలయం పక్కన మెట్లు దిగితే ఆ నేలమాళిగ. ఇరుకైన గది, చిన్న స్తంభాలు. నైలుకు వరద వచ్చిన రోజుల్లో ఇందులోకి నీళ్లు చేరేవి. ఏటా జూన్ 1న యేసు ఈజిప్టుకు వచ్చిన పండుగ జరుపుతారు, ఆ రోజు వెళ్లగలిగితే పాటలు వినవచ్చు.

పైన చర్చి మధ్యలో 12 స్తంభాల్లో ఒకటి మాత్రం ఎర్ర గ్రానైటు. అది కూడా యూదాదేనంటారు. వేలాడే చర్చిలో నల్లది, ఇక్కడ ఎర్రది.

దగ్గర్లోనే బర్బారా చర్చి. ఇది త్వరగా అయిపోతుంది. దీని పాత చెక్క తలుపు ఇప్పుడు మ్యూజియంలో ఉంది. ముందు మ్యూజియం చూసి ఉంటే అది ఏ గుమ్మానిదో ఇక్కడ తెలుస్తుంది.

సందు చివర బెన్ ఎజ్రా సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం, ఉంది. నది రెల్లులో మోషే దొరికిన చోటు ఇదేనని స్థలపురాణం. ఇప్పటి కట్టడం 1890ల నాటిది, మరమ్మతుల తర్వాత 2023లో మళ్లీ తెరిచారు. దీని గొప్ప ఇప్పుడు లోపల లేదు. దేవుడి పేరు రాసిన కాగితాన్ని పారేయకూడదని యూదులు పాత కాగితాలన్నీ ఒక గదిలో పడేసేవాళ్లు. దాన్ని గెనిజా అంటారు. కాలికి కాగితం తగిలితే కళ్లకద్దుకునే మనకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. మత గ్రంథాలతో పాటు పెళ్లి ఒప్పందాలు, అప్పు పత్రాలు, వర్తకుల ఉత్తరాలు వందల ఏళ్లు అందులో పేరుకున్నాయి. 1896లో స్కాట్లండ్ కవల సోదరీమణులు ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ కొన్ని పుటలు ఇంగ్లండుకు తెచ్చారు. వాటిని చూసిన పండితుడు సాలమన్ షెక్టర్ కైరో వచ్చి, దొరికినంతా కేంబ్రిడ్జికి తీసుకెళ్లాడు. అక్కడ 1,90,000కు పైగా ముక్కలు ఉన్నాయి.

ఆ ఉత్తరాల్లో భారతదేశం కూడా ఉంది. ట్యునీసియా నుంచి వచ్చిన అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వర్తకుడు 12వ శతాబ్దంలో మంగళూరులో ఏళ్ల తరబడి ఉండి, మిరియాలు, యాలకుల వ్యాపారం చేస్తూ, ఇత్తడి సామాన్లు చేసే కార్ఖానా నడిపాడు. యెమెన్ రేవు ఏడెన్‌లోని స్నేహితులతో అతను జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు చివరికి ఈ గదిలోకి చేరాయి. లోపల ఫొటోలకు ఒప్పుకుంటారో లేదో గుమ్మం దగ్గర బోర్డు చూడండి.

ఓపిక ఉంటే అమ్ర్ మసీదు

సందుల్లోంచి బయటపడి ఉత్తరంగా పది నిమిషాలు నడిస్తే అమ్ర్ ఇబ్న్ అల్-ఆస్ మసీదు. కోటను గెలిచిన సేనాని 642 ప్రాంతంలో కట్టించిన, ఆఫ్రికాలోనే మొదటి మసీదు. మొదటి కట్టడం ఏమీ మిగల్లేదు, ఎన్నోసార్లు పెంచి తిరిగి కట్టారు. అయినా స్తంభాల వరసలు చూడదగ్గవి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ వెళ్లకండి. చెప్పులు బయట వదలాలి, ఆడవాళ్లకు కప్పుకోవడానికి అంగీ ఇస్తారు.

అక్కడి నుంచి టాక్సీలో కాస్త దూరంలోనే ఈజిప్టు నాగరికత జాతీయ మ్యూజియం ఉంది. 2021 ఏప్రిల్ 3న ఊరేగింపుగా తెచ్చిన 22 రాజ మమ్మీలు అక్కడే ఉన్నాయి. అది కూడా అదే రోజు చూడాలనుకుంటే అమ్ర్ మసీదు వదిలేయండి, లేకపోతే చివరికి కాళ్లు తప్ప ఏమీ గుర్తుండవు.

తిండి, డబ్బు, మర్యాద

శాకాహారులకు ఒక ఉపాయం. కాప్టులు ఏడాదిలో 200 రోజులకు పైగా ఉపవాస నియమం పాటిస్తారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అలాంటి తిండిని సియామీ అంటారు. హోటల్లో గుడ్డు, వెన్న కలిశాయో లేదో వివరించే టెన్షన్ లేకుండా, సియామీయేనా అని అడిగితే సరిపోతుంది. కొన్ని ఉపవాసాల్లో చేపకు మినహాయింపు ఉంటుంది కాబట్టి చేప వద్దని కూడా చెప్పండి. ఫూల్ (ఉడికించిన చిక్కుడు గింజలు), తామియా (ఆ గింజల వడలు), కుషరీ (అన్నం, పప్పు, మకరోనీ కలిపినది) ఎప్పుడూ దొరుకుతాయి.

చిల్లర నోట్లు ఉంచుకోండి. తలుపు తీసినవాడు, ఫొటో తీస్తానన్నవాడు, తానే గైడని వెంటపడినవాడు, అందరికీ బక్షీషు ఆశ ఉంటుంది. సాయం చేసినవాళ్లకు కొంచెం ఇవ్వండి. అక్కర్లేనివాళ్లకు నవ్వుతూ ‘లా, శుక్రన్’ (వద్దు, థాంక్స్) అంటే చాలు, ఆగి వాదించొద్దు.

ఆరాధన జరుగుతుంటే వెనక నిలబడండి. సాధారణంగా మగవాళ్లు ఎడమ వైపు, ఆడవాళ్లు కుడి వైపు కూర్చుంటారు. బలిపీఠం దగ్గర ఇచ్చే ప్రభు భోజనం ఆర్థడాక్స్ విశ్వాసులకే. చివర్లో పంచే సిలువ ముద్ర ఉన్న రొట్టెను మాత్రం ఎవరికైనా ఇవ్వొచ్చు, ఇస్తే రెండు చేతులతో తీసుకోండి. కుడి మణికట్టు మీద చిన్న సిలువ పచ్చబొట్టు చాలామందికి కనిపిస్తుంది. దాన్ని చూపిస్తూ ఫొటో అడగడం మాత్రం బాగుండదు.

పెద్దవాళ్లను తీసుకెళ్తే వేలాడే చర్చి 29 మెట్లు, అబూ సర్గా మెట్లు, నేలమాళిగ మెట్లు ముందే చెప్పండి. సందుల్లో రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, వీల్‌చెయిర్ తిప్పడం కష్టం. మరుగుదొడ్డి మ్యూజియంలో నమ్మకమైనది, అక్కడే పని చూసుకోండి.

టూర్ బస్సు గంటే ఇస్తే

మ్యూజియం వదిలేయక తప్పదు. దిగగానే అయిదు నిమిషాలు బురుజు దగ్గర ఆగి రాయి, ఇటుక వరసలూ, లోతూ చూడండి. అందరూ వేలాడే చర్చి వైపు వెళ్తుంటే మీరూ వెళ్లి కప్పు, చెక్క తెర, గాజు పలక ఈ మూడే చూసి ఇరవై అయిదు నిమిషాల్లో బయటికి రండి. మిగిలిన సమయం అబూ సర్గాకు. సందు గుమ్మం దగ్గర కొట్లవాళ్లు పిలుస్తారు, తిరిగి వచ్చేటప్పుడు చూద్దాం అనండి. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్నింటికి కదులుతుందో గైడు ఫోన్ నంబరుతో సహా ముందే రాసుకోండి. సందుల్లో మలుపులు ఒకేలా ఉంటాయి, తప్పిపోతే మార్ గిర్గిస్ మెట్రో ఎటని అడగండి, ఎవరైనా చూపిస్తారు.